అర మెగాహెర్ట్జ్ అవతల

కృప వాళ్ళ డాబా మీద నిలబెట్టిన అల్యూమినియం గొట్టాల ఏంటెనా చూసి, సూర్యాపేటలో ఆ వీధికి కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ళు అది ఏ కేబుల్ కంపెనీదని అడుగుతుంటారు. కృప ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంట్. ఆరేళ్ళ కిందట పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకుంది. ఆమెకు ఆ విద్య నేర్పింది రామనర్సయ్య. ఆయన పోలీసు వైర్‌లెస్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరై, చిలుకూరు దగ్గర తన ఊళ్ళో భార్య జానకమ్మతో ఉంటున్నాడు. రోజూ సాయంత్రం ఆరున్నరకు సారూ, శిష్యురాలూ 145.2 మెగాహెర్ట్జ్ మీద కలుసుకుని పదిహేను నిమిషాలు మాట్లాడుకునేవారు. మధ్యలో నలభై కిలోమీటర్లకు పైగా దూరం. ఆ పక్క ఆ బ్యాండ్‌లో వాళ్ళిద్దరు తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు.

పోయిన ఎండాకాలం పిడుగు పడి కృప సెట్టులో వినే భాగం కాలిపోయింది. పంపే భాగం బాగానే ఉంది. కొత్త సెట్టు కొనడం ఎందుకని వినే భాగాన్ని తానే తయారుచేసుకుంది, కంప్యూటర్‌తో నడిచేది. గాలిలోంచి వచ్చే అంత వేగమైన సిగ్నల్‌ను ఆమె దగ్గరున్న చిన్న బోర్డు నేరుగా కొలవలేదు. ముందు దాన్ని ఒకే ఫ్రీక్వెన్సీలో తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్‌తో కలిపి తక్కువ ఫ్రీక్వెన్సీకి దించాలి. ఆ మధ్య మెట్టునే ఐ.ఎఫ్. అంటారు. దించిన సిగ్నల్‌ను బోర్డు సెకనుకు పది లక్షల సార్లు కొలిచి అంకెలుగా కంప్యూటర్‌కు ఇస్తుంది. అది దాని శాంపిల్ రేటు, అంతకు మించి దానివల్ల కాదు. అందుకని కృప ఐ.ఎఫ్.ను ఆ రేటులో నాలుగో వంతుగా, రెండువందల యాభై కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టింది. లెక్కలు తేలికవుతాయి, ప్రోగ్రాం చిన్నదవుతుంది. ఆసిలేటర్ 144.95 దగ్గర కూర్చుంటే, దానికి రెండువందల యాభై పైనున్న 145.2 చక్కగా కిందికి దిగి వినబడుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆసిలేటర్‌కు అంతే దూరం కిందనున్న సిగ్నల్ కూడా అదే చోటికి దిగుతుంది. పైనుంచి వచ్చిందో కిందినుంచి వచ్చిందో ఆ బోర్డుకు తెలియదు. దాన్ని రేడియోవాళ్ళు ఇమేజ్ అంటారు, అంటే బొమ్మ.

ఆ సంగతి వినగానే రామనర్సయ్య అభ్యంతరం చెప్పాడు.

"ఐ.ఎఫ్. గంత తక్కువ పెట్టుకున్నవేంది కృపమ్మా? బొమ్మ మన బ్యాండ్‌లనే పడ్తది. పది పాయింట్ ఏడు పెట్టు. బొమ్మ ఎక్కడో ఇరవై మెగాహెర్ట్జ్ అవతల పడ్తది, ముందట ఒక ఫిల్టర్ పెడితె ఖతం."

"అట్ల పెట్టాల్నంటె రెండు మెట్లు దించాలె సార్, ఇంకో బోర్డు కావాలె. అయినా ఈ దిక్కు మాట్లాడేది మనమిద్దరమే కద. బొమ్మ పడాల్నన్నా ఇంకో మనిషి ఉండాలె గద సార్."

ఆయన నవ్వి, "సరె, దసరా సెలవులల్ల అయినా మార్చు" అన్నాడు. దసరా ఇంకా రాలేదు.

ఆ ఆదివారానికి వాన పట్టి మూడో రోజు. కోదాడ వైపు ఫోన్లు ముందురోజే పడిపోయాయి. కృప చర్చికి వెళ్ళలేదు. ఆమె భర్త సాంసన్ ఆర్టీసీ డ్రైవర్, కోదాడ–మిర్యాలగూడ బస్సు నడుపుతాడు. పొద్దున తొమ్మిదింటికి తడిసి ముద్దయి ఇంటికి వచ్చాడు.

"బస్సు మిర్యాలగూడలనే పెట్టేసిన. చిలుకూరు దాటినంక కోదాడ పోయే బాట మీద కల్వర్టు కొట్టుకపోయింది. నా కండ్ల ముంగటనే ఒక ట్రాలీ ఆటో ఆగిపోయింది. అందరం బండ్లు మలుపుకొని వచ్చినం" అన్నాడు తువాలుతో తల తుడుచుకుంటూ.

"మరి హుజూర్‌నగర్ దిక్కు?"

"అటు మంచిగనే ఉన్నది. నేను అట్లనే కద వచ్చింది."

కృపకు రామనర్సయ్య ఊరు గుర్తొచ్చింది. వాళ్ళెలా ఉన్నారో కనుక్కుందామని తొమ్మిది గంటల నలభైకి కంప్యూటర్ పెట్టింది. తెర మీద 145.2 దగ్గర పసుపు గీత అప్పటికే వెలుగుతోంది. హెడ్‌ఫోన్‌లో ఆయన గొంతు.

"...సూర్యాపేట, సూర్యాపేట. కృపమ్మా వింటున్నవా? ఎవరన్న వింటున్నరా? గీడ మనిషికి పాము కరిసింది. మా బీరప్పకు. పొద్దుగాల ఎనిమిదిన్నరకు గొర్లను గుట్ట మీదికి తోలుతుంటె కరిసింది. నాగుపామే, అందరు సూసిన్రు. మా ఊర్ల నీళ్ళ నుంచి బయట పడేది నరేష్ ట్రాక్టర్ ఒక్కటే. అది చెరువు కట్టకు ఇసుక బస్తాలు మోస్తున్నది, పదిన్నరకు వస్తది. కోదాడకు పోవాల్నా, హుజూర్‌నగర్‌కు పోవాల్నా? ఏ బాట తెరిచున్నదో తెలిసినోళ్ళు చెప్పున్రి. ఓవర్."

కృప మైకు అందుకుంది. "సార్, నేను కృపను. వింటున్న. కోదాడ బాట పోవద్దు సార్. కల్వర్టు కొట్టుకపోయింది. హుజూర్‌నగర్ పోన్రి. హుజూర్‌నగర్. ఓవర్."

బటన్ వదిలింది. జవాబు లేదు. మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పింది.

తెర మీద పసుపు గీత తిరిగి లేచింది. "సూర్యాపేట, ఎవరన్న వింటున్నరా? బ్యాటరీ తక్కువున్నది. పది నిమిషాలకొకసారి పిలుస్త. ఓవర్."

"ఆయనకు ఇనబడ్తలేదు" అంది కృప.

సాంసన్ జిల్లా వరదల కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాడు. అవతల ఎవరో ఓపికగా అంతా రాసుకున్నారు. పడవలూ మనుషులూ కోదాడ కాలనీల్లో ఇళ్ళమీద ఉన్నవాళ్ళను దించుతున్నారనీ, ఎవరైనా ఖాళీ కాగానే పంపుతామనీ, ఆ ఊరికి ఫోను కలిస్తే బాట సంగతి తామే చెబుతామనీ అన్నారు. ఫోను కలవదని వాళ్ళకూ తెలుసు.

పది నిమిషాలకు మళ్ళీ ఆయన పిలిచాడు. ఈసారి వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు వినిపించింది. బీరప్పకు కంటి రెప్పలు బరువెక్కుతున్నాయని, మాట ముద్దగా వస్తోందని చెప్పాడు. కృప కుర్చీలోంచి లేచి నిలబడి, అంత దూరం గొంతుతోనే వినిపించాలన్నట్టు అరిచింది. "కోదాడ వద్దు సార్! హుజూర్‌నగర్!" పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి తొంగిచూశారు.

సెట్టు మీదున్న మీటరులో ముల్లు బాగానే లేస్తోంది. అంటే పంపుతోంది. పంపుతున్నది గాలిలోకి వెళ్ళడం లేదేమో. వినే బోర్డుకు వేరే చిన్న ఏంటెనా ఉంది, పంపే ఏంటెనా దగ్గర కేబుల్ కలిసేచోట పోయిన ఏడు కూడా నీళ్ళు దిగాయి. అదే అయ్యుంటుందనుకుంది. అంతకంటే వేరే కారణం ఆమెకు తోచలేదు.

"గొడుగు పట్టుకొని రా" అంది సాంసన్‌తో.

ఇద్దరూ డాబా ఎక్కారు. గాలికి గొడుగు నిలవలేదు. సాంసన్ రెయిన్‌కోటు విప్పి ఆమె చేతుల మీద కప్పి పట్టుకున్నాడు. కృప టేపు ఊడదీసింది, కనెక్టర్ విప్పింది, ఎండు గుడ్డతో తుడిచింది, ఊదింది. లోపల తడి లేదు. పొడిగా, శుభ్రంగా ఉంది. అయినా కేబుల్ చివర రెండంగుళాలు కోసి, కొత్త కనెక్టర్ వేసి, మళ్ళీ టేపు చుట్టింది. ఆ పనికి పావుగంటకు పైనే పట్టింది. కింద కంప్యూటర్‌కున్న హెడ్‌ఫోన్ తీగ మెట్లదాకా కూడా రాదు కాబట్టి, ఆ మధ్యలో రామనర్సయ్య పిలిచిన రెండు పిలుపులు వాళ్ళు వినలేదు. కిందికి వచ్చాక తెర మీద ఆ రెండు గీతలూ ఉన్నాయి.

పది గంటల ఇరవై అయిదుకు ఆయన ఆరోసారి పిలిచాడు.

"సూర్యాపేట. ట్రాక్టర్ వచ్చింది. ఎవరి జవాబు రాలె. కోదాడ అయితె దగ్గర, దవాఖాన గూడ పెద్దది, అటే పోతున్నం. నేను కూడ పోతున్న, మనిషిని పట్టుకోవాలె. ఇంట్ల సెట్టు పెట్టే పోతున్న. ఎవరన్న వింటె..." ఆయన బటన్ నొక్కే ఉంచాడు. ట్రాక్టర్ ఇంజను చప్పుడు, ఎవరో "లే, లే, కాళ్ళు పట్టు" అనడం వినబడ్డాయి. "సరె. ఓవర్."

కృప అరుస్తూనే ఉంది. సాంసన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇగ ఆపు" అన్నాడు మెల్లగా. ఆమె ఆపలేదు. పది ముప్పై అయిదు దాటాక గొంతు రాక ఆగింది.

తెర వంక చూస్తూ కూర్చుంది. వచ్చిన ప్రతి పిలుపుకూ తెర మీద ఒక గీత మిగులుతుంది. ఆరు గీతలు, ఒకదాని కింద ఒకటి. రామనర్సయ్య సెట్టు పాతది. 145.2 పెట్టినా ఎప్పుడూ ఒకటిన్నర కిలోహెర్ట్జ్ ఎక్కువ పలుకుతుంది. తెర మీద ఆయన గీత ఎప్పుడూ గుర్తుకు కొంచెం కుడిపక్క ఉండేది. ఆ సంగతి మీద వాళ్ళిద్దరూ ఎన్నిసార్లు నవ్వుకున్నారో. ఈ ఆరు గీతలూ ఎడమపక్క ఉన్నాయి. సరిగ్గా అంతే దూరంలో.

అద్దంలోలాగే బొమ్మలోనూ కుడి ఎడమవుతుంది.

పది నలభైకి పసుపు గీత మళ్ళీ లేచింది. ఈసారి జానకమ్మ గొంతు. "హలో... హలో... సారు పోయిండు. పది నిమిషాలకోసారి పిలువమన్నడు. ఎవరన్న ఉన్నరా?"

కృప ఆసిలేటర్‌ను పది కిలోహెర్ట్జ్ పైకి జరిపింది. నిజంగా 145.2 మీద ఉన్న స్టేషనైతే గీత కదలకూడదు, జరిపిన లెక్కను కంప్యూటరే సరిచేసుకుంటుంది. గీత కదిలింది. పది కాదు, ఇరవై. అది బొమ్మ. అసలు మనిషి అర మెగాహెర్ట్జ్ కింద, 144.7 మీద ఉన్నాడు. ఇంతసేపూ అక్కడే ఉన్నాడు.

కృపకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట లైసెన్సు వచ్చిన కొత్తలో ఆయన ఆమె పుస్తకంలో రాయించాడు, 145.2లో గోల ఉంటే అర మెగాహెర్ట్జ్ దిగి 144.7కు రావాలని. ఒక్కసారి కూడా ఆ అవసరం పడలేదు. ఐ.ఎఫ్. ఎంచుకున్నప్పుడు దాని రెట్టింపు సరిగ్గా అర మెగాహెర్ట్జ్ అవుతుందని, బొమ్మ అక్కడే పడుతుందని ఆమెకు తట్టలేదు. ఎఫ్.ఎం. కాబట్టి బొమ్మలో కూడా గొంతు ఏ తేడా లేకుండా వినిపిస్తుంది.

సెట్టును 144.7కు తిప్పింది. "జానకమ్మా! నేను కృపను. వినబడ్తున్ననా?"

"వినబడ్తున్నవ్ బిడ్డా! గింతసేపు ఏడికి పోయినవ్?"

మొదటి పిలుపుకే జవాబు. కృప కళ్ళు మూసుకుంది.

"అమ్మా, సార్‌ను ఆపున్రి. కోదాడ బాట తెగింది. హుజూర్‌నగర్ పోవాలె."

"ఎట్ల ఆపాలె? పోయి పది నిమిషాలాయె."

"ఎవరినన్న బండి మీద తోలున్రి."

"ఏం బండి బిడ్డా, గడపదాక నీళ్ళున్నయి. మోటరు సైకిళ్ళు అన్ని మునిగినయి. ఆగు, పిలుస్త." బటన్ నొక్కి ఉంచే ఆమె బయటికి కేకలు వేసింది. నీళ్ళ చప్పుడు, కుక్క అరుపు, ఎవరో మగమనిషి బదులు పలకడం. కాసేపటికి మళ్ళీ దగ్గరగా వచ్చింది. "ఇద్దరు పోరగాండ్లు నడుసుకుంట పోతమంటున్నరు. నడుముల్లోతు నీళ్ళు. ట్రాక్టర్‌ను అందుకుంటరా?"

కృప గడియారం చూసింది. "పొమ్మనున్రి" అంది. మళ్ళీ భయమేసి, "జాగ్రత్తగా పొమ్మనున్రి" అంది.

"సారు పొద్దుగాల అరగంట పాత జాగల పిలిసిండు" అంది జానకమ్మ. "పక్కింటోళ్ళ ఇన్వర్టర్ గోలకు ఏమి ఇనబడ్తలేదని ఇటు మలిపిండు. నువ్వు ఏడ పిలుస్తున్నవ్ మరి?"

"పాత జాగలనే అమ్మా."

"అయ్యో" అంది జానకమ్మ.

ఆ తర్వాత గంటసేపు వాళ్ళిద్దరూ ఒకరికొకరు అయిదు నిమిషాలకోసారి ఉన్నామని చెప్పుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయారు. బయల్దేరిన ఇద్దరూ ఊరి బయట వాగు దాటలేక తిరిగొచ్చారు. సాంసన్ కంట్రోల్ రూమ్‌కు మరో రెండుసార్లు ఫోన్ చేశాడు. పన్నెండు కావస్తుండగా జానకమ్మ ఒక్కసారిగా అంది.

"ట్రాక్టర్ మళ్ళొస్తున్నది. ఇటే వస్తున్నది. హుజూర్‌నగర్ దిక్కు మలిపిన్రు. సారు ట్రాలీల నిలబడ్డడు. చెయ్యి ఊపిండు. ఆగలే. బీరప్ప తల వాని పెండ్లాం ఒళ్ళె ఉన్నది. కండ్లు తెరువలే బిడ్డా."

ఇంకా ఏదో చెబుతుండగా గీత సన్నబడి, మాట తెగిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

బీరప్ప హుజూర్‌నగర్ చేరకముందే, మూడు నాలుగు కిలోమీటర్ల ముందు ఊపిరి వదిలాడని కృపకు మర్నాటి సాయంత్రం ఫోన్లు కలిశాక జానకమ్మ చెప్పింది. దవాఖానలో డాక్టరు, ఇంకో గంట ముందు వస్తే బతికేవాడా అని రామనర్సయ్య అడిగితే, బతకొచ్చు, బతకకపోవచ్చు, ఎట్ల చెప్తం అన్నాడట. కృప ఆ మాటను ఎన్నో రోజులు రెండు వైపులా తిప్పి చూసుకుంది. ఏ వైపునుంచీ ఆమెకు నిద్ర రాలేదు.

బుధవారం సెలవు పెట్టి బయల్దేరింది. కోదాడ మీదుగా ఇంకా దారి లేదు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్ళి, అక్కడ బస్సు మారి హుజూర్‌నగర్, అక్కడినుంచి ఆటోలో చిలుకూరు దాటి ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం ఒకటయింది. పొలాల్లో వరి పడుకుని ఉంది. ఇళ్ళ ముందు తడిసిన బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు ఆరబోశారు.

రామనర్సయ్య డాబా మీద ఏంటెనా విప్పుతున్నాడు. ఆమెను చూసి స్పానర్ పక్కన పెట్టాడు.

"గాలికి ఇదే పక్కకు తిరిగినట్టున్నది కృపమ్మా. నా మాట నీదాక రాలే. నేనే ఎక్కి ఒక్కసారి సూసుకుంటె అయిపోయేది. ముప్పై ఏండ్ల సర్వీసు ఎందుకు?"

జానకమ్మ ఆయనకు చెప్పలేదని కృపకు అర్థమైంది. కింద వాకిట్లో నిలబడి ఆమె పైకే చూస్తోంది.

"వచ్చింది సార్" అంది కృప. "మీ మాట వచ్చింది. నేను విన్న."

"ఎప్పుడు?"

"మొదటినుంచి. తొమ్మిది నలభై నుంచి." ఆమె ఆగకుండా అంతా చెప్పేసింది. ఐ.ఎఫ్. సంగతి, బొమ్మ సంగతి, తాను ఎక్కడ అరిచిందో, డాబా మీద కనెక్టర్ కోసింది, గీతలు ఎడమపక్క ఉన్నది. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రేడియో తెలిసినవాడు కాబట్టి వివరించాల్సిన పనీ లేకపోయింది. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది.

ఆయన పిట్టగోడ మీద కూర్చున్నాడు. "కోదాడ బాట తెగిందని నీకు తెలుసా అప్పటికే?"

"తెలుసు సార్."

"నేను ఎవరు లేరనుకొని పోయిన" అన్నాడు. "144.7కు మలిపేటప్పుడు నీ రిసీవర్ సంగతి నాకన్న యాదికి రావాలె. బొమ్మ పడ్తదని చెప్పినోన్ని నేనే గద. నాకు రాలె."

"తప్పు నాది సార్."

ఆయన ఏంటెనా గొట్టం మీద ఎండిన బురదను గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"బీరప్ప ఇంటికి పోతా" అంది కృప.

"పోయి ఏం చెప్తవ్? శాంపిల్ రేటు అని చెప్తవా?" గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. అయినా లేచి చెప్పులు వేసుకుని ఆమెతోపాటు నడిచాడు.

బీరప్ప భార్య గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. పక్కన దడిలో గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. కృపను చూసి సర్కారు మనిషి అనుకుని లేచి నిలబడింది. రామనర్సయ్య, "నా దగ్గర రేడియో నేర్సుకున్నది. సూర్యాపేట" అన్నాడు.

కృప ఆమె ముందు నేల మీద కూర్చుంది. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. "అక్కా, ఆరోజు సారు పిలిసింది నేను విన్న. కోదాడ పోవద్దని చెప్పిన. మస్తు సార్లు చెప్పిన. గని నా మిషన్‌ల తప్పుండె. నా మాట సారుకు చేరలే."

ఆమె కృప ముఖంలోకి చూసింది. అర్థం చేసుకోవాలని గట్టిగా ప్రయత్నిస్తున్నట్టు నుదురు ముడిపడింది.

"మరి ఎవలకు చేరింది?" అని అడిగింది.

రామనర్సయ్య తల తిప్పుకుని గొర్రెల వైపు చూశాడు.

బీరప్ప భార్య లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత మంచం కోడు దగ్గర పెట్టిన ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసింది. పాము కాటుతో చనిపోయినవాళ్ళ కుటుంబానికి సాయం కోసం పెట్టుకునే దరఖాస్తు అది. వీఆర్వో ఇచ్చిపోయాడు.

"సదువుకున్నదానివి గదా, జర రాసి పెడ్తవా? రేపు పదింటికి ఇయ్యాలంట."

కృప బ్యాగులోంచి పెన్ను తీసింది. పేరు, తండ్రి పేరు, వయసు ఆమె చెబుతుంటే రాసింది. ఘటన జరిగిన సమయం దగ్గర ఉదయం ఎనిమిదిన్నర అని రాసింది. ఆస్పత్రికి బయల్దేరిన సమయం, పదిన్నర. చికిత్స మొదలైన సమయం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"గాడ ఏమున్నది?" అంది బీరప్ప భార్య వంగి చూస్తూ.

"ఏం లేదక్కా. గిది ఇడిసిపెట్టాలె" అంది కృప. ఆ గడి అలాగే ఖాళీగా ఉంచి, కింద వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించింది.